దశాంశ చుక్క

వరద అంచనాల ఆఫీసులో ఆయన్ని అందరూ చుక్కల బాబాయ్ అంటారు. వానలెక్కల ఫైలు తీసుకోనని కంప్యూటర్ మొండికేస్తే, ఆయన కళ్లద్దాలు నుదుటిమీదికి ఎత్తి, తెరమీద వరసల వెంట చూపుడువేలు జార్చుకుంటూ వెళ్లి, ఎవరో మరిచిన దశాంశ చుక్క దగ్గర ఆగుతాడు. దేవుడిచ్చిన ఓర్పు, ఎవరినీ విసుక్కోడు. "పాపం, తడిచేతులతో కొట్టుంటాడు" అని చుక్క తనే పెట్టేస్తాడు.

ఆ ఉదయం ఏటి ఎగువన కురిసిన వాన 412 మిల్లీమీటర్లని వచ్చింది. అంత వాన ఉండదంటూ ఫైలు ఆగిపోయింది. బాబాయ్ నవ్వి, దాన్ని 41.2 చేశాడు. వెంటనే ఫైలు నడిచింది. పటంలో ఏరు గట్టు దాటలేదు. అంతలో ఏటిపక్క వీధి నుంచి చెల్లెలు ఫోన్ చేసింది.

"అన్నయ్యా, పిల్లల్ని తీసుకుని మీ ఇంటికి వచ్చెయ్యనా? హడలిపోతున్నారు."

"ఇప్పుడే చూశానే పిచ్చిదానా, నీళ్లు మీ దాకా రావు. వాళ్లను వానలో తడపకు."

మధ్యాహ్నానికి ఆ వీధి మునిగింది. చెల్లెలు బతికింది, పిల్లలిద్దరూ దక్కలేదు. ఆస్పత్రిలో ఆమె మంచం పక్కన కూర్చుని బాబాయ్ చుక్క సంగతి చెప్పబోయాడు. ఆమే చెయ్యి చాచి ఆయన కన్నీళ్లు తుడిచింది.

"ఊరుకో అన్నయ్యా. నువ్వు చెప్పాక వాళ్లు భయం మానేసి, చక్కగా ఆడుకున్నారు."