పెద్ద చేపలే ముందు చచ్చాయండి

కోవిడ్ తర్వాత కాలేజీలు మళ్ళీ తెరిచిన ఏడాది నన్ను ఏలూరులో ఒక ప్రభుత్వ జూనియర్ కాలేజీకి ఫిజిక్స్ లెక్చరర్‌గా బదిలీ చేశారు. కాపురం తాడేపల్లిగూడెంలో, రోజూ పాసింజరులో రాకపోకలు. రిటైర్మెంట్ దగ్గరపడింది కదా, ఇక హాయిగా ఉండనిస్తారనుకున్నాను. నా మొహం!

ఫిజిక్స్ ల్యాబులకు ఒక పాత జబ్బుంది. లోలకం ప్రయోగంలో 'జి' విలువ ఎంత రావాలో పుస్తకంలోనే ఉంటుంది కాబట్టి పిల్లలు జవాబు నుంచి వెనక్కి లెక్కగట్టి కొలతలు రాసేస్తారు. దీన్ని 'రీడింగులు వండటం' అంటాం. వండినవి వంటింట్లో పెట్టుకోండి, నా బల్ల మీద కాదు అని కేకలేసేదాన్ని. తేడా వస్తే ఏం మారిందో చూడండి, ఒక్కసారికి ఒక్కటే మార్చండి, మిగతావి కదపకండి అని రోజూ అదే పాట పాడేదాన్ని.

ఆ పాట చెవిన పెట్టింది సెకండియర్ మేరీ జ్యోతి ఒక్కతే. వాళ్ళ ఊరు పెదపాడు అవతల, చేపల చెరువుల మధ్య. ఆమెకు 'జి' ఎప్పుడూ తక్కువే వచ్చేది. పక్కపిల్లలు నవ్వినా వండలేదు. దారం మార్చింది, గుండు మార్చింది. చివరికి పొడవును గుండు మధ్య వరకు కాక పైఅంచు వరకే కొలుస్తున్నానని తనే పట్టుకుంది. ఆ రోజు నాకు ఎంత సంతోషమేసిందో!

తండ్రి ప్రకాశరావు ఒక చెరువు లీజుకు తీసుకుని చేపలు పెంచేవారు. ఆ ఏడాది పట్టుబడి బాగుంటే జ్యోతి డిగ్రీకి వెళ్తుంది, లేకపోతే చదువు ఆగిపోతుంది. ఈ సంగతి ఆ పిల్ల నాకు బస్సు టైము చెప్పినంత మామూలుగా చెప్పింది.

ముసురు పట్టిన రోజుల్లో ఒక పొద్దున నేను రైల్లో ఉండగా ఫోన్ చేసింది. చెరువులో చేపలు చచ్చి తేలుతున్నాయట. గట్టు అవతలి చెరువు సూరిబాబుది. గట్టు విషయంలో ఆయనకూ వీళ్ళకూ ఎప్పటినుంచో తగాదా. ఆయనే పురుగుమందు కలిపాడని జ్యోతి బాబాయిలు కర్రలు పట్టుకుని బయల్దేరారు.

"పెద్ద చేపలే ముందు చచ్చాయండి మేడం. చిన్నవి పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయండి. మందైతే చిన్నవే ముందు పోవాలి కదండీ?"

చేపల సంగతి నాకేం తెలుసమ్మా, జువాలజీ మేడంని అడుగు అన్నాను.

"అంత టైం లేదండీ. ఏం మారిందా అని చూస్తే, ఎండ ఒక్కటే లేదండి. ఎండ వల్లయితే సూరిబాబుగారి చెరువులో కూడా ఇలాగే ఉండాలి. చూసొస్తానండి" అని పెట్టేసింది.

తర్వాత జరిగింది ప్రకాశరావుగారు చెప్పారు. జ్యోతి గట్టు మీద పరుగెత్తి వెళ్ళేసరికి బాబాయిలు సూరిబాబు చొక్కా పట్టుకున్నారు. అక్కడా చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. "చూడు బాబాయ్, తన చెరువులో తనే మందు పోసుకుంటాడా?" అని ఆ పిల్ల వాళ్ళ మధ్య నిలబడింది. కర్రలు కిందికి దిగాయి. సూరిబాబు ఇంజను తెచ్చి వీళ్ళ చెరువులోకి కొత్త నీళ్ళు కొట్టించాడు. అప్పటికే ఆలస్యమైపోయింది, ప్రకాశరావుగారి చేపలు చాలావరకు పోయాయి.

జ్యోతి అనుకున్నదే నిజమని మా జువాలజీ మేడం చెప్పారు. ఎండ లేకపోతే నీళ్ళలోని పాచి ఆక్సిజన్ తయారుచేయదు, తెల్లవారేసరికి గాలాడక పెద్ద చేపలు ముందు చనిపోతాయి.

క్రిస్మస్ తర్వాత జ్యోతి కాలేజీకి రావడం మానేసింది. వాళ్ళింటికి వెళ్ళాను. రొయ్యల ప్లాంటులో పనికి కుదిరిందట. "నన్నేం చేయమంటారండీ?" అని ప్రకాశరావుగారు తల దించుకున్నారు. కనీసం ప్రాక్టికల్స్‌కైనా పంపండి అని చెప్పి వచ్చేశాను.

ప్రాక్టికల్ పరీక్షకు బయటి కాలేజీ నుంచి ఒక ఎగ్జామినర్ వస్తారు. పిల్లలు చీటీ తీసి, ఏ ప్రయోగం వస్తే అది చేయాలి. జ్యోతి నంబరు పిలిస్తే ఎవరూ పలకలేదు. కాసేపు చూద్దామండీ అన్నాను. ఆయన మంచివారే, సెషన్ అయ్యేవరకు ఆగారు. వరండాలోకి వస్తే బెంచీ మీద ఒకాయన కూర్చుని ఉన్నారు. ఎవరండీ మీరు అంటే, సూరిబాబునండీ అన్నారు.

"పొద్దున్నే బండేసుకుని ప్లాంటుకెళ్ళానండి, అమ్మాయిని తీసుకొద్దామని. షిఫ్టు మధ్యలో పంపేది లేదన్నారండి. ఇంకో గంట ఆగితే వస్తుందేమోనండి, కాస్త చెప్పండి మేడం."

లోపలికి వెళ్ళి ఆయన మాటే చెప్పాను. రూలు మీకు తెలుసు కదండీ అన్నారు ఎగ్జామినర్. తెలుసు. జ్యోతి నంబరు ఎదురుగా 'ఆబ్సెంట్' అని రాసి సంతకం పెట్టాను. ఏడుపొచ్చింది.

ల్యాబులో నేర్చుకున్నది ల్యాబు బయటా పనికొస్తుందని పిల్లలకు చెబుతూ వచ్చాను. అది నిజమేనని జ్యోతి వల్ల తెలిసింది. ఆ చదువు సూరిబాబుని కాపాడింది. జ్యోతిని మాత్రం కాపాడలేదు.