పెద్దమ్మ ఇచ్చిన గ్యాస్ బిళ్ల

ఆ రోజుల్లో నాకు ఇరవై మూడేళ్లు. ఒంట్లో ఏ తేడా వచ్చినా గ్యాస్ వల్లేనని నమ్మే ఇంట్లో ఉండేదాన్ని. జగ్గయ్యపేటలో మా పెద్దమ్మ దగ్గర ఉంటూ, నందిగామలో ఒక కాలేజీ ఆఫీసుకి రోజూ బస్సులో వెళ్లొచ్చేదాన్ని. పొద్దున్నే టిఫిను మానేసి పరిగెత్తడంతో మధ్యాహ్నానికల్లా పొట్ట ఉబ్బిపోయేది. పెద్దమ్మ తను వేసుకునే బిళ్లల అట్ట ఒకటి నా చేతిలో పెట్టి, "పరగడుపున వేసుకో. ఏడాది నుంచి వాడుతున్నా, నాకేమన్నా అయిందా?" అంది. నిజమే, ఆవిడకేమీ కాలేదు. నాకూ పొట్ట తేలికపడింది. అట్ట అయిపోగానే ఇంకోటి అడిగి తీసుకున్నాను.

మొదటి నెల బహిష్టు రాకపోతే ఎండల వల్ల అనుకున్నాను. రెండో నెల పని ఎక్కువై అనుకున్నాను. మూడో నెలలో ఒకరోజు ఆఫీసులో ఉండగా డ్రెస్సు ముందు భాగం తడిగా తగిలింది. బాత్రూంలోకి వెళ్లి చూసుకుంటే, చెమట కాదు, పాలు! గోడకి ఆనుకున్నాను. నాకు పెళ్లి కాలేదు. అప్పటిదాకా నాకు కాస్త దగ్గరగా నిలబడిన పరాయి మగవాడు బస్సు కండక్టరు ఒక్కడే (అదీ టికెట్టు కొట్టడానికి). అయినా భయానికి తర్కం ఉండదు కదా! ఎవరూ గుర్తుపట్టకుండా కంచికచర్ల దాకా పోయి, ముఖానికి చున్నీ చుట్టుకుని, గర్భం టెస్టు కిట్టు కొన్నాను. షాపాయన ఏమీ అడగకముందే "మా వదినకండీ" అన్నాను (నాకు అన్నయ్యే లేడు). ఒక్క గీతే వచ్చింది. హమ్మయ్య అనుకుంటూ ఫోనులో వెతికితే, మెదడులో గడ్డ ఉన్నా ఇలా అవుతుందని కనపడింది. రెండు రోజులు అన్నం సయించలేదు.

"రోజుకి మూడు డ్రెస్సులు ఉతుకుతున్నావేంటే?" అని పెద్దమ్మ నిలదీసేసరికి ఏడుస్తూ అంతా చెప్పేశాను. ఆవిడ వెళ్లి వీధి తలుపు గడియ పెట్టొచ్చింది.

"ఎవడే వాడు?"

"ఎవడూ లేడు పెద్దమ్మా, గడ్డం... గడ్డ..."

"గడ్డమున్నోడా?"

మర్నాడు నందిగామలో లేడీ డాక్టరు దగ్గర కూర్చున్నాం. ఏం మందులు వాడుతున్నావని ఆవిడ అడిగితే ఏమీ లేవన్నాను. "గ్యాస్ బిళ్ల తప్ప ఏదీ ముట్టదండి," అని పెద్దమ్మ వత్తాసు పలికింది. డాక్టరు పెన్ను కింద పెట్టేసి, ఆ అట్ట తీయించి పేరు చదివారు. "మెదడు కింద బఠాణీ గింజంత గ్రంథి ఉంటుందమ్మా. పాల హార్మోను వదిలేది అదే. మామూలుగా దానికి బ్రేకు వేసి ఉంటుంది. ఈ బిళ్ల ఆ బ్రేకు తీసేస్తుంది."

"మరి నాకేం కాలేదేంటండీ?" పెద్దమ్మకి పౌరుషం వచ్చింది.

"అందరికీ ఒకేలా పెరగదండి. మీ వయసులో పెరిగినా పైకి తెలియకపోవచ్చు."

పెద్దమ్మ పట్టుబట్టి నాతోపాటు తనూ టెస్టుకి రక్తం ఇచ్చింది. ఆ హార్మోను నాకు చాలా ఎక్కువగా, ఆవిడకి కొంచెం ఎక్కువగా వచ్చింది. "చూడు, నాకూ పెరిగింది," అంటూ తన కాగితం నా కాగితం పక్కన పెట్టి, నా చెయ్యి పట్టుకుంది. ఇద్దరినీ బిళ్ల ఆపమన్నారు. నాలుగు వారాల్లో నాకు తగ్గకపోతే తలకి స్కానింగు తీయాలన్నారు. ఆ నాలుగు వారాలూ తలనొప్పి వస్తే గడ్డే, రాకపోయినా గడ్డే.

పాలు ఆగాయి. మళ్లీ చేసిన టెస్టు మామూలుగా వచ్చింది. ఆ తర్వాత కొద్ది రోజులకి, బస్సులో వస్తుండగా పొత్తికడుపులో నెలనెలా వచ్చే ఆ పాత నొప్పి మొదలైతే, పక్కావిడ కంగారుపడేంతగా నవ్వాను.

ఇప్పటికీ అప్పుడప్పుడు గుర్తొస్తుంది, చున్నీలో ముఖం దాచుకుని కంచికచర్లలో బస్సు దిగిన ఆ పిల్ల. ఏ తప్పూ చేయలేదు, అయినా దారి పొడుగునా సంజాయిషీ తయారుచేసుకుంటూనే ఉంది. పిచ్చి మొద్దు!