మోరిస్ మైనర్‌కి పెట్టిన వంకలు

పాత మోరిస్ మైనర్ కారు కొందామని ఆదోని నుంచి అవనిగడ్డ దాకా వెళ్లాను. అమ్మే పెద్దావిడ షెడ్డులో రెండు మోరిస్‌లున్నాయి: చిన్నది మైనర్, పెద్దది ఆక్స్‌ఫర్డ్. మనసంతా మైనర్ మీదే ఉన్నా, కొట్లో పుట్టి పెరిగిన నోరు ఊరుకోదు కదా! ధర దిగాలని ఆక్స్‌ఫర్డ్‌ని ఆకాశానికెత్తాను. మైనర్‌కి మాత్రం ఉప్పుగాలికి తుప్పు పట్టిందనీ, లోపల మరీ ఇరుకనీ వంకలు పెట్టాను.

ఆవిడ ముఖం చిన్నబోయింది. "నిజం చెప్పారు బాబూ. అంత దూరం నుంచి వచ్చినవారికి అలాంటిది అంటగడితే పాపమండీ. ఇక దాన్ని ఎవరికీ అమ్మను. పెద్దది తీసుకెళ్లండి."

మా బజారులో సరుకుకి వంక పెడితే ధర తగ్గిస్తారు, లేదా తిడతారు. నమ్మినవాళ్లను మాత్రం ఎన్నడూ చూడలేదు.

"అబ్బే, చిన్నదే బాగుందండీ! ఏదో ఊరికే అన్నాను!" అని బతిమాలాను.

"మొహమాటపడకండి బాబూ," అంటూ ఆవిడ మైనర్ మీద టార్పాలిన్ కప్పేశారు.