చలిగదిలో దాచిన బ్యాకప్

కంప్యూటరున్న గదిలోకి చెప్పులు బయట విడిచి వెళ్లే కాలం అది. చేతిలో ఒక డిప్లొమా కాగితం ఉంటే చాలు, ఊళ్లో డాక్టరుకిచ్చే మర్యాదలో సగమైనా దక్కేది. పాడైన మిక్సీలు కూడా మన దగ్గరికే తెచ్చేవారు. (ఒకటి బాగు చేశాను కూడా. ప్లగ్గు సరిగ్గా పెట్టలేదు, అంతే.) ఆ మర్యాదను నిజమని నమ్మేసిన వయసులో, అంటే ఇరవై రెండో ఏట, గుంటూరు నుంచి ప్రత్తిపాడు వెళ్లే దారిలో మా బాబాయి నడిపే మిర్చి కోల్డ్ స్టోరేజీలో ‘సిస్టమ్ ఇన్‌చార్జి’గా చేరాను. బాబాయి అంటే మా నాన్నకు పినతండ్రి కొడుకు. ఏ రైతు బస్తాలు ఏ చలిగదిలో, ఏ అంతస్తులో, ఏ వరసలో ఉన్నాయో సర్వరులో పదిలంగా ఉంచడం నా పని. వేల బస్తాలు, అన్నీ ఒకే రంగు గోనెలు. ఆ వివరం పోయిందా, ఇక గదిలోకి దిగి ఒక్కో బస్తానూ పలకరించుకోవాల్సిందే.

నేను చేరిన మొదటి ఏడే సర్వరు ఒకసారి మొరాయించి, మూడు రోజుల వివరాలు మింగేసింది. హమాలీలు నాలుగు రోజులు బస్తాలు దించి, వాటి మీది గుర్తులు చదివి, మళ్లీ ఎక్కించారు. వాళ్లు నన్ను చూసిన చూపులు ఇక్కడ రాయను. బాబాయి మాత్రం నన్ను పిలిచి చాలా శాంతంగా చెప్పాడు. “ఒరేయ్ అబ్బాయ్, ఇంకోసారి అది పోయిందంటే దాంతోపాటు నువ్వూ పోతావు. మీ నాన్నకి నేను చెప్పుకుంటాలే.”

అలా మేము బ్యాకప్ సాఫ్ట్‌వేర్ వెతకడం మొదలుపెట్టాం. మొదట టై కట్టుకున్న ఒకాయన వచ్చాడు. ఆయన సరుకుకి సర్వరుకింత, దానికి తగిలించిన ప్రతి కంప్యూటరుకీ ఇంత అని లైసెన్సు. బాబాయికి అది చప్పున అర్థమైంది. మేమూ బస్తాకింత అనే కదా తీసుకునేది! తరవాత విజయవాడ నుంచి పాత మోటారుసైకిలు మీద ఇంకో కుర్రాడు వచ్చాడు, దాదాపు నా ఈడువాడు. మిర్చి ఘాటుకి మాటకో తుమ్ము తుమ్ముతున్నాడు. “మాది అన్‌లిమిటెడ్ లైసెన్సండీ... హాచ్... ఒక్కసారి కొంటే ఎన్ని సర్వర్లకైనా, ఎన్ని కంప్యూటర్లకైనా... హాచ్... వేసుకోవచ్చండి.”

బాబాయి కుర్చీలో ముందుకు వంగాడు. “ఎన్నింటికైనానా?”

“ఎన్నింటికైనానండి.”

“ఏమయ్యా, ఎన్ని బస్తాలైనా తెచ్చి పెట్టుకో అనే గిడ్డంగి నువ్వెక్కడైనా చూశావా? ఉంటే అందులో కాయ బూజు పట్టుద్ది. ఏదో కిటుకుంది ఇందులో.”

ఆ కిటుకేమిటో తెలుసుకోవాలనే దురద ఆ రోజు స్టోరేజీ మొత్తానికీ పట్టుకుంది. గుమాస్తా గారు ఒప్పంద పత్రాన్ని కళ్లద్దాలు మార్చి మార్చి రెండుసార్లు చదివారు. నేను చిన్న అక్షరాల కోసం కాగితం వెనక్కి తిప్పాను. (వెనక ఏమీ లేదు. ఏమీ లేకపోవడమే నాకు మరీ అనుమానంగా తోచింది.) చివరికి బాబాయే దారి చెప్పాడు. “వెయ్యరా అన్నింటికీ. ఎక్కడ ఆగుద్దో చూద్దాం.” వేశాం. సర్వరుకి వేశాం, ఆఫీసు కంప్యూటరుకి వేశాం, లారీలు తూచే కాటా గదిలోదానికి వేశాం, మేడ మీద పిన్ని పేకాట ఆడుకునే కంప్యూటరుకి కూడా వేశాం. ఎక్కడా ఆగలేదు. సర్వరులోదంతా చేతిలో పట్టే ఒక డిస్కు పెట్టెలోకి కాపీ అయింది. నమూనా చూపిస్తానంటూ ఆ కుర్రాడు కాటా గది కంప్యూటరులోకి కూడా ఒక కాపీ పంపించాడు. బాబాయి మెత్తబడ్డాడు గానీ ఒప్పుకోలేదు.

“రేపు పొద్దున పదింటికి రా. శాంపిల్ తీస్తా,” అన్నాడు.

మిర్చి సంగతి తెలియనివారికి ఒక మాట. బస్తా మూతి దగ్గర ఎర్రటి కాయ పరిచి, లోపల రంగు పోయిన తాలు కాయ నింపే మహానుభావులు ఉంటారు. అందుకే కొనేవాడు పైనున్నది చూడడు, బస్తా నడుముకి చెయ్యి దూర్చి గుప్పెడు లాగుతాడు. బాబాయి ముప్పై ఏళ్లుగా అలాగే కొంటున్నాడు. సాఫ్ట్‌వేరుని కూడా అలాగే కొనదలిచాడు.

ఇక ఆ సాయంత్రం నేను చేసిన ఘనకార్యం. డిస్కు పెట్టె నా చేతికిచ్చి జాగ్రత్త చెయ్యమన్నారు. నేను ఆలోచించాను. (ఆ వయసులో నేను ఆలోచించిన ప్రతిసారీ ఎవరికో ఒకరికి నష్టం జరిగింది.) సర్వరు గదికి ఏసీ ఎందుకు పెట్టారు? చల్లగా ఉండాలని. మరి చల్లదనం మంచిదైతే ఇంకా చల్లదనం ఇంకా మంచిది కదా! ఏడాది పాటు మిరపకాయ రంగు పోకుండా కాపాడే చలిగది ఒక్క రాత్రి డిస్కుని కాపాడదా? గోనెపట్టాలో చుట్టి, మూడో గదిలో బస్తాల సందున పెట్టి, ఇంటికెళ్లి హాయిగా నిద్రపోయాను.

మర్నాడు రోహిణి కార్తె ఎండ ఫెళ్లున కాస్తోంది. పదింటికి అందరూ చేరారు. తుమ్ముల కుర్రాడు ఏదో ఉత్తుత్తి ఫైలు తెరవబోతే బాబాయి చెయ్యి అడ్డం పెట్టాడు. “మూతి కాయ వద్దు. మూడో గది వివరం మొత్తం తీసెయ్. నిజంగా తీసెయ్.” కుర్రాడు నా వంక చూశాడు. నేను ఎంతో ధైర్యంగా మీట నొక్కాను. మూడో గది ఖాళీ అయిపోయింది. బయట అదే గదిలో సరుకు తీసుకెళ్లడానికి ఒక రైతు ట్రాక్టరు ఆపుకుని కూర్చున్నాడు.

నేను పరుగున వెళ్లి డిస్కు తెచ్చాను. తలుపు దాటి ఎండలోకి వచ్చానో లేదో, ఐసులోంచి తీసిన సోడాసీసాకి పట్టినట్టు దానికి నీళ్లు పట్టాయి. చొక్కా అంచుతో తుడిచి, ఆలస్యం చెయ్యకుండా తగిలించేశాను. అది టిక్కుమంది. మళ్లీ టిక్కుమంది. ఆ తరవాత ఏమీ అనలేదు. తుమ్ముల కుర్రాడికి తుమ్ములు కూడా ఆగిపోయాయి. గుమాస్తా గారు మెల్లగా, “నా పాత పుస్తకాలు అటక మీదున్నాయండీ... నిరుటివి,” అన్నారు. మా నాన్నకి బాబాయి ఏమని చెప్పుకుంటాడో నా చెవుల్లో వినపడసాగింది.

ఉన్నట్టుండి ఆ కుర్రాడు “కాటా గది!” అని అరిచి పరుగెత్తాడు. వెనక నేను, నా వెనక గుమాస్తా గారు, అందరికీ వెనక పంచె ఎగ్గట్టి బాబాయి. నిన్న ఊరికే వస్తోంది కదా అని వేసిన కంప్యూటరులో సర్వరు కాపీ భద్రంగా ఉంది. పది నిమిషాల్లో మూడో గది తిరిగి వచ్చింది. గుమాస్తా గారు ఆ రైతు చీటీ పట్టుకుని అంతస్తు, వరస సరిచూసి “కలిసిందండీ” అన్నాక గానీ ఎవరికీ ఊపిరాడలేదు.

బాబాయి తడిసిన డిస్కుని రెండు వేళ్లతో ఎత్తాడు. “దీన్ని చలిగదిలో పెట్టిందెవరు?”

నేనేనని చెప్పాలని నిజంగానే అనుకున్నాను. ఈలోపు ఆ కుర్రాడే అన్నాడు. “నేనేనండి. చల్లగా ఉంటే మంచిదనుకున్నానండి.”

బాబాయి అతన్ని చూశాడు, నన్ను చూశాడు. “సరే, ఆర్డరు రాసుకో,” అన్నాడు.

గేటు దగ్గర అతన్ని పట్టుకుని, అలా ఎందుకు చెప్పారని అడిగాను. “నాకైతే ఒక ఆర్డరు పోద్దండి. మీకు ఉద్యోగమే పోద్ది కదండీ,” అని ఒక్క తుమ్ము తుమ్మి, బండి స్టార్టు చేసుకుని వెళ్లిపోయాడు. అంత సిగ్గు నాకు మళ్లీ ఎప్పుడూ వెయ్యలేదు. అయినా లోపలికెళ్లి నిజం చెప్పలేదు.

చాలా ఏళ్ల తరవాత, మంగళగిరిలో ఒక ఆఫీసు సర్వర్లన్నీ నా చేతికొచ్చాక, ఒకసారి బాబాయిని చూడ్డానికి వెళ్లాను. అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఎన్నాళ్లుగానో లోపల నలుగుతున్న ఆ మాట చెప్పేశాను. “ఆ డిస్కు పెట్టింది నేను, బాబాయ్.”

“తెలుసురా. అతను ముందురోజు పొద్దుకూకకుండానే విజయవాడ వెళ్లిపోయాడు. నువ్వు కాక ఇంకెవరు పెడతారు?”

“మరి తెలిసి ఎందుకడిగారు?”

“ఎవడేమంటాడో చూద్దామని. తనది కాని తప్పుని నెత్తినేసుకున్నాడే, అలాంటోడి దగ్గర సరుకు కళ్లు మూసుకుని కొనొచ్చు.”

“నన్నెందుకు ఉంచారు మరి?” అన్నాను.

బాబాయి నవ్వాడు. “కళ్లంలో కాయ పచ్చిగా ఉందని ఎవడన్నా పారబోస్తాడంట్రా? ఇంకో రెండెండలు చూపిస్తాడు.”

ఆ తుమ్ముల కుర్రాడి పేరు నాకు గుర్తులేదు. అప్పుడే అడిగి రాసి పెట్టుకోవాల్సింది.