అరుగు మీద తడి అడుగులు

ప్రభువు నామంలో కూడుకున్న సహోదరులారా, సహోదరీలారా, మీ అందరికీ నా వందనాలండి. నేను పెదపాడు అవతల కొల్లేటి గట్టున తుంగచాపలు అల్లుకుని బతికే మరియమ్మనండి, నా మాట కాస్త కటువు, ఏలూరు సంఘంలో నిలబడి మాట్లాడే తెలివి నాకెక్కడిది, అయినా నోరు మూసుకుని కూర్చుంటే నా దేవుడికి ద్రోహం చేసినదాన్నవుతాను!

ఉప్పు సత్యాగ్రహం జరిగిన మరుసటేడు నా ఒక్కగానొక్క కూతురు ఎస్తేరు తన ప్రాణం తానే తీసుకుందండి. ఎందుకో నాకు నేటికీ తెలియదు, ముందురోజు పొద్దున కూర్చోబెట్టి నా తల దువ్వింది, నవ్వింది కూడా! మేమంతా బాప్తిస్మం తీసుకున్నవాళ్ళమే గానీ భయమేస్తే పాత బుద్ధులు ఎక్కడికి పోతాయి, మా ఆడపడుచు వెళ్ళి పిల్ల సమాధి దగ్గర్నుంచి మా గుమ్మం దాకా ఆవాలు చల్లుకుంటూ వచ్చింది. అలా పోయినవాళ్ళు ఆ గింజలు ఏరుకుంటూ దారిలోనే ఉండిపోతారట, ఇంటికి రాలేరట. నాకు ఒళ్ళు మండిపోయింది, నా పిల్ల నా ఇంటికి రాకూడదా అని చీపురు పట్టుకుని ఒక్క గింజ లేకుండా ఊడ్చేశాను!

మర్నాడు తెల్లారి లేచి చూస్తే అరుగు మీద తడి అడుగులున్నాయండి. నీళ్ళలోంచి గట్టెక్కి వచ్చి, నాచూ బురదా అంటుకుని, సరిగ్గా నా చాప దగ్గర ఆగిపోయాయి. నేను భయపడలేదు, సంతోషించాను! వాటి పక్కన అన్నం పెట్టాను. రోజూ తెల్లారేసరికి అడుగులు, రోజూ అన్నం. మా కుక్క నన్ను చూసి మూలిగేది, దగ్గరికొచ్చేది కాదు. పొద్దువాలి మంచు దిగితే తుంగలోంచి "అమ్మా, రా" అని వినిపించేది, నీటికోళ్ళని మీరంటారు, నాకు మాత్రం నా పిల్ల గొంతే!

ఒక తెల్లవారుజామున బైబిలు చెప్పే రాహేలమ్మగారు దోనె మీద మా ఇంటికి వచ్చారు. అడుగులు చూశారు, నా చీర చూశారు. మంచుకి తడిసిందనుకునేదాన్ని నేను, నడుం దాకా బురదండి! ఆవిడ నా పాదం పట్టుకుని ఆ గుర్తు మీద పెడితే అచ్చంగా సరిపోయింది. నిద్రలో కొల్లేట్లోకి నడిచిపోతున్నది నేనేనండి!

"తండ్రీ, ఈ పిచ్చితల్లి ఒళ్ళు తెలియక నీళ్ళలోకి పోతుంటే తిప్పి తీసుకొచ్చింది నువ్వే గదయ్యా, ఇక దీని చెయ్యి వదలకయ్యా" అని ఆవిడ ప్రార్థించారు. పిల్ల పోయాక నేను మొదటిసారి ఏడ్చింది అప్పుడే. ఆ రోజు నుంచి ఆవిడ మా ఇంట్లోనే ఉండి, నా కొంగుకి తన కొంగు ముడేసుకుని పడుకున్నారు, అడుగులు ఆగిపోయేదాకా! దేవునికే మహిమ!

దుఃఖం పోయిందా అంటే పోలేదండి, పోయిందంటే అబద్ధం. కానీ ఒళ్ళు తెలియని నన్ను పట్టుకున్న చెయ్యి చివరి ఘడియలో నా ఎస్తేరునీ వదిలిపెట్టి ఉండదు, ఎవరేమన్నా నేనిది నమ్ముతున్నాను!

ఇక్కడ నాలాంటి తల్లిగానీ తండ్రిగానీ ఉంటే, బతుకు మీద ఆశ పోయినవాళ్ళుంటే, సిగ్గుపడి వెనక కూర్చోకండి, ఆయన్ని నమ్మండి, పక్కవాళ్ళకి చెప్పండి. ఇవాళ మాత్రం ఒంటరిగా ఇంటికి పోకండి. నాతో రండి, మా ఇంట్లో ఇంకో చాప పరిచే ఉంటుంది.