క్యారవాన్ల గాలి ఎవరు తిన్నరు?

మొన్న ఎయిర్‌పోర్ట్ పార్కింగ్‌ల నా ఇజ్జత్ మొత్తం పోయింది తెలుసా! ఇప్పుడు చాయ్ తాగుకుంట నవ్వుతున్న గాని, ఆ రోజు చెమటలు పట్టినయి.

మా సేటు కొత్తగ క్యారవాన్ కొన్నడు. లోపల మంచాలు, పొయ్యి, ఫ్రిజ్... చక్రాల మీద ఇల్లే అనుకోండ్రి! దానికి డ్రైవర్‌ని నేనే. హెవీ లైసెన్స్ ఉన్నది గాని, తుక్కుగూడ రోడ్డు మీద ఇరవై ఏండ్లు నడిపింది జీపే. ముందటి రోజే సేటు బండి పార్కింగ్‌ల పెట్టి, తాళం నాకిచ్చి పోయిండు.

ఫస్ట్ ట్రిప్పు. వైజాగ్ నుంచి ఒక పెద్దమ్మ, కొడుకు, కోడలు పొద్దుగాల విమానం దిగిండ్రు. శ్రీశైలంల సాయంత్రం దర్శనం టికెట్ ఉంది.

"అయిదింటికల్లా అక్కడ ఉండాలి బాబూ" అన్నది పెద్దమ్మ.

"గ్యారంటీ అమ్మా!" అన్న, మీసం మీద చెయ్యేసి.

ఇంజిన్ స్టార్ట్ చేసిన. కుయ్యుమని బజర్! దీని బ్రేకులు గాలితోని పనిచేస్తయి, ట్యాంకిల గాలి నిండితేనే విడుస్తయి. ఆ గాలి మీటర్ల ముల్లు సున్నా దగ్గరుంది. జీపుకు బ్రేకు పట్టకపోతే ఏం చేస్తం? పెడల్ దబదబ నాలుగు తొక్కుతం, గట్టిగైతది. గదే చేసిన. ముల్లు జర లేస్తది, నేను తొక్కుత, దిగుతది. మళ్ల లేస్తది, తొక్కుత, దిగుతది. లేస్తలేదని ఇంకా జోరుగ తొక్కిన! బ్రేకులు విడుస్తలేవు, బండి ఇంచు కదుల్తలేదు.

"ఏమైంది బాబూ?"

"ఏం లేదమ్మా, గాలి నింపుతున్న!"

అరగంట పోయింది. ఇగ పరేషాన్ అయ్యి శంషాబాద్‌ల మెకానిక్ యాదగిరన్నకు ఫోన్ కొట్టిన. బైక్ మీద వచ్చిండు, బండి కిందికి దూరిండు, పైపులకు సబ్బు నీళ్లు పూసిండు. ఒక్క బుడగ రాలే.

"లీకేజీ లేదు గదరా! గాలి ఏడికి పోతుంది?" అనుకుంట లేచి నా కాలు దిక్కు చూసిండు. అప్పుడు కూడ తొక్కుతనే ఉన్న.

"ఏం జేస్తున్నవ్?"

"గాలి కొడుతున్నన్నా."

నెత్తి కొట్టుకున్నడు. "ఓరి నీ! గాలి ఇంజినే నింపుకుంటది. నువ్వు తొక్కినప్పుడల్లా ట్యాంకిలకెల్లి బయటికి పోతది. దిగు కిందికి!"

దిగిన. యాదగిరన్న ఏం ముట్టలే, ఊకె చూసిండు. ముల్లు మెల్లగ లేచింది. అయిదు నిమిషాలల్ల బజర్ బంద్!

కొడుకు అడిగిండు, "ఏం రిపేర్ చేశారండీ?"

"డ్రైవర్‌ని దించిన సార్."

వాళ్లు నవ్విన నవ్వు పార్కింగ్ మొత్తం వినపడ్డది. కానీ నా పానానికి మస్తు హాయి అనిపించింది. అయిదింటికి పది నిమిషాల ముందే గుడి కాడ దించిన, దర్శనం మంచిగ అయింది.

బయటికొచ్చి పెద్దమ్మ నా చేతిల ప్రసాదం పెట్టి మెల్లగ అన్నది, "రేపు పొద్దున బండి స్టార్ట్ చేసి, కాసేపు కిందే నించో నాయనా."

తెల్లారి బండి స్టార్ట్ చేసి కిందనే నిలబడ్డ, చేతులు కట్టుకొని. ఇరవై ఏండ్ల సర్వీసుల నేను చేసిన బెస్ట్ డ్రైవింగ్ గదే!