మురళి వాయించే భాగం

2014లో మేం దుబాయ్‌లో, సత్వాలో ఉండేవాళ్ళం. పక్క ఫ్లాట్ మురళి, నేను జెబెల్ అలీలో ఒకే ఆఫీసు. ఇద్దరికీ అమెరికా దక్షిణ రాష్ట్రాల రాక్ సంగీతం ఇష్టం. అందులో ఇద్దరు గిటారిస్టులు ఒకే వరసను కలిసి వాయిస్తారు, ఒకరు పై స్థాయిలో, మరొకరు కింది స్థాయిలో. పైది మురళిది. వేలికి గాజు గొట్టం తొడిగి తీగల మీద జార్చేవాడు. శుక్రవారాలు వాళ్ళింట్లో సాధన చేస్తుంటే అతని భార్య పద్మ వంటింట్లోంచి, "ఇక ఆపండి బాబూ! కుక్కర్ కూత కూడా వినబడట్లేదు" అని కేకేసేది.

ఆ వేసవిలో మురళి గుండెపోటుతో పోయాడు. ఆఫీసు వార్షికోత్సవంలో అతని జ్ఞాపకంగా మా వరస వాయిస్తానని నేనే అన్నాను. పద్మ ముందు వరుసలో కూర్చుంది. మొదలుపెట్టాక తెలిసింది, నా భాగం ఒక్కటే వింటే పాటలా లేదు. చేతులు ఆగిపోయాయి. వెనకనుంచి ఎవరో "ఖలాసా భాయ్?" అన్నారు, అప్పుడే అయిపోయిందా అన్నట్టు. కొందరు నవ్వారు.

దిగిపోదామని లేవబోయాను.

"ఆపకండి అన్నయ్యా" అంది పద్మ. కళ్ళు మూసుకుని మురళి భాగాన్ని కూనిరాగంగా అందుకుంది. అతను జార్చిన చోటల్లా ఆమె గొంతూ జారింది. నేను కింద కలిశాను. చివరిదాకా వెళ్ళాం.

"ఎప్పుడు నేర్చుకున్నావమ్మా?" అని తర్వాత అడిగాను.

"నేర్చుకోవడమేంటి అన్నయ్యా! ఇన్నేళ్ళూ చెవులు మూసుకుని వండానా?"

మురళితోపాటు అతని భాగమూ పోయిందనుకున్నాను. ఇప్పుడు గిటార్ తీసినప్పుడల్లా అది నాకు వినిపిస్తుంది. అందుకు పద్మకు కృతజ్ఞుణ్ణి.